మార్క్వెట్ ద్రాక్ష పెంపకం: స్థలం చూడడం నుంచి కోత దాకా సమగ్ర మార్గదర్శి

“మైనస్ 30 డిగ్రీల చలికి కూడా చావదని చెప్పి అమ్మారు. తీగ బతికింది సరే, గుత్తులేవీ?” చలి ప్రాంతాల్లో మార్క్వెట్ వేసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

మార్క్వెట్ మినెసోటా విశ్వవిద్యాలయం 2006లో విడుదల చేసిన ఎర్ర వైన్ రకం. నడిశీతాకాలపు చలి విషయంలో దీని గురించి చెప్పినదంతా నిజమే. ఇబ్బంది ఎక్కడంటే, చలి కాస్త తగ్గగానే దీని కన్నులు (చిగురు వేసే మొగ్గలు) చాలా రకాల కంటే ముందు విచ్చుకుంటాయి. ఆ తర్వాత గడ్డకట్టే రాత్రి ఒక్కటి వచ్చినా ఆ ఏడాది పంట చాలావరకు పోయినట్టే. అందుకే స్థలం ఎంచుకోవడం, స్తంభాల ఎత్తు, కత్తిరించే వేళ, అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి. మిగతాది మామూలు ద్రాక్ష సేద్యమే.

## 1. నాటడానికి ముందు ఏడాది: స్థలం, నేల

మొక్కలకు ఆర్డర్ పెట్టకముందే ఒక వసంతం మొత్తం మీ స్థలాన్ని గమనించండి. చల్లగాలి బరువైనది. రాత్రిపూట వాలు వెంట కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద తెల్లటి మంచు ఎక్కడ ముందు కనిపిస్తుందో, ఎక్కడ చివరిదాకా కరగకుండా ఉంటుందో చూడండి. ఆ చోటు మార్క్వెట్‌కు పనికిరాదు, నేల ఎంత బాగున్నా సరే.

వాలు నడిమి భాగం మంచిది. వాలుకు దిగువన దట్టమైన పొదలు గానీ, మూసిన కంచె గానీ ఉంటే చల్లగాలి అక్కడే ఆగి వెనక్కి నిండుతుంది. దారి ఇవ్వడానికి కంచెలో కొంత భాగం తీసేయాల్సి వస్తే తీసేయండి.

దక్షిణం వైపు తిరిగిన గోడకు ఆనించి నాటాలని చాలామందికి అనిపిస్తుంది. గోడ వేడి పండు పండడానికి సాయపడుతుంది, కాదనను. కానీ అదే వేడి మార్చి, ఏప్రిల్ నెలల్లో కన్నును ఇంకా ముందు లేపుతుంది. ఎండ రోజంతా పడే తెరిపి చోటు ఉంటే గోడ జోలికి పోకండి.

నేల విషయంలో ముఖ్యమైనది నీరు ఇంకడం. మోకాలి లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికి కూడా నిలిచే ఉంటే చోటు మార్చాలి, లేదా ఎత్తు మడి కట్టాలి.

నాటే ముందు ఏడాది చెక్‌లిస్ట్

- మట్టి పరీక్ష చేయించాలి. పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే మంచిది. సున్నం కలపాల్సి వస్తే ఇప్పుడే కలపాలి, నాటాక లోతుకు చేరదు.
- రోజుకు కనీసం 7–8 గంటల ఎండ ఉండాలి.
- మొండి కలుపును, ముఖ్యంగా వేళ్ల ద్వారా పాకే గడ్డిని, ఈ ఏడాదే తీసేయాలి.
- చుట్టుపక్కల అడవి ద్రాక్ష ఉందేమో చూడాలి. తెగుళ్లకు అదే పుట్టిల్లు.
- పక్క పొలంలో, పక్క లాన్‌లో ఏ కలుపుమందు కొడతారో కనుక్కోవాలి. ఎందుకో 8వ భాగంలో చెబుతాను.

పశువుల ఎరువు గంపలకొద్దీ పోయకండి. మార్క్వెట్ అసలే జోరుగా పెరిగే తీగ. మరీ బలమైన నేలలో ఆకు, పక్కకొమ్మలు కమ్ముకుని గుత్తి నీడలో పడుతుంది. తీగ ముదరకుండానే శీతాకాలం వచ్చేస్తుంది.

## 2. మొక్క కొనేటప్పుడు

ఏడాది వయసున్న, నిద్రావస్థలో ఉన్న వేళ్ల మొక్క కొనండి. సొంత వేళ్ల మీద పెరిగినదే కావాలి, అంటు కట్టినది వద్దు. ఏదో ఒక శీతాకాలం పైభాగమంతా చచ్చిపోయినా, సొంత వేళ్ల నుంచి వచ్చే చిగురు మార్క్వెట్టే అవుతుంది. అంటు మొక్కయితే అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చేది వేరే రకం.

ఇది పేటెంటు తీసుకున్న రకం. ఎవరి తోటలోంచో కొమ్మలు తెచ్చి పాతుకునే ముందు ఆ పేటెంటు ఇంకా అమల్లో ఉందో లేదో చూసుకోండి. అమల్లో ఉంటే లైసెన్సున్న నర్సరీ నుంచే కొనాలి.

మీ స్థలంలో మే నెల దాకా గడ్డకట్టే మంచు పడే అలవాటుంటే, అన్నీ మార్క్వెట్టే వేయకండి. ఫ్రాంటెనాక్, పెటీట్ పెర్ల్ కూడా చలికి ఆగే ఎర్ర రకాలే. వాటి కన్ను మార్క్వెట్ కంటే ఆలస్యంగా విచ్చుతుంది. ఫ్రాంటెనాక్ పులుపు ఎక్కువ, అది గుర్తుంచుకుని ఎంచుకోండి.

## 3. స్తంభాలు, వైర్లు

మార్క్వెట్ కొమ్మలు కాస్త నిటారుగానే పెరుగుతాయి. అందుకని కింద వైరు మీద తీగ పాకించి కొమ్మల్ని పైకి కట్టే పద్ధతీ నడుస్తుంది, పై వైరు మీద పాకించి కొమ్మల్ని కిందికి వేలాడదీసే పద్ధతీ నడుస్తుంది. ఇంటి తోటకు నేను రెండోదే చెబుతాను. వైర్లు తక్కువ, పని తక్కువ. పైగా కన్నులు నేలకు 1.8 మీటర్ల ఎత్తున ఉంటాయి. గాలి కదలని రాత్రి నేల దగ్గరకూ ఆ ఎత్తుకూ ఉండే తేడా ఒకటి రెండు డిగ్రీలే కావచ్చు, కానీ పంట ఉండడమో పోవడమో తేలేది అక్కడే.

కావలసినవి:

- 2.5 మీటర్ల స్తంభాలు. 60–70 సెం.మీ. భూమిలోకి పోవాలి.
- వరస చివర లావుపాటి స్తంభాలు, వాటికి వెనక్కి లాగే ఊతం. బరువంతా వీటి మీదే పడుతుంది.
- మధ్య స్తంభాలు 6–7 మీటర్లకు ఒకటి.
- సుమారు 2.5 మి.మీ. మందం ఉన్న గట్టి గాల్వనైజ్డ్ వైరు. పైన ఒకటి 1.8 మీటర్ల దగ్గర. లేత కాండానికి ఆసరాగా నడుమ ఒకటి.

మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు, వరసకూ వరసకూ 2.7–3 మీటర్లు వదలండి. స్తంభాలు మొదటి ఏడాదే పాతేయండి. “తీగ పెరిగాక చూద్దాంలే” అనుకుంటే రెండో వేసవిలో తీగలు నేల మీద చిక్కుముడి పడి ఉంటాయి.

## 4. నాటే రోజు

1. నేల పనికి రాగానే, వసంతం మొదట్లో నాటండి. మొక్క నిద్రావస్థలోనే ఉండాలి.
2. వేళ్లను 3–4 గంటలు నీళ్లలో నాననివ్వండి. రోజంతా వదిలేయకండి.
3. విరిగిన వేళ్లు మాత్రం తీసేయండి. గుంతలో పట్టేలా చేయడానికి వేళ్లు కత్తిరించొద్దు, గుంతే పెద్దది చేయండి.
4. వేళ్లను విప్పి పరిచి, నర్సరీలో ఉన్న లోతులోనే నాటి, మట్టి నొక్కండి.
5. గుంతలో ఎరువు వేయకండి. లేత వేళ్లు మాడతాయి.
6. ఒక్క బలమైన కొమ్మ ఉంచి, దాన్ని 2–3 కన్నులకు కత్తిరించండి. చేతులు రాకపోయినా కత్తిరించాల్సిందే.
7. పక్కన కర్ర పాతి, బాగా నీళ్లు పోయండి.

## 5. మొదటి మూడేళ్లు

మొదటి ఏడాది వేళ్లదే. వారానికి 2.5 సెం.మీ. వాన పడకపోతే ఆ మేరకు నీళ్లు పెట్టండి. మొక్క చుట్టూ మీటరు వెడల్పున కలుపు లేకుండా చూడండి. చిన్న గుత్తులు కనిపిస్తే గిల్లేయండి. మొక్కకు రక్షణగా ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంటే ఆగస్టు చివరికి తీసేయాలి. లోపలి వెచ్చదనానికి కాండం ముదరకుండా ఉండిపోతుంది. నేల గడ్డకట్టేలోపు మొక్క మొదలు చుట్టూ 20–30 సెం.మీ. ఎత్తున మట్టి ఎగదోసి, వసంతంలో తీసేయండి.

రెండో ఏడాది కాండం కట్టాలి. ఒకటి కాదు, రెండు. నేల దగ్గర నుంచే రెండు నిటారు కొమ్మల్ని పైకి తీసుకుపోండి. ఒకటి చలికి పగిలినా, తెగులు తగిలినా రెండోది పంట నడిపిస్తుంది. అవి పై వైరును దాటగానే కొస తుంచి, ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు మళ్లించండి. ఈ ఏడాది కూడా గుత్తులు ఉంచొద్దు.

మూడో ఏడాది పెన్సిల్ మందం దాటిన కొమ్మలకు ఒక్కో గుత్తి ఉంచుకోవచ్చు. పూర్తి కాపు నాలుగు, అయిదో ఏళ్లలో వస్తుంది. ఆ వయసులో తీగకు 3–4 కిలోలు చాలు. ఎక్కువ కాస్తోందని సంబరపడితే పండు ఆలస్యమవుతుంది, కట్టె ముదరదు, ఆ దెబ్బ మరుసటి ఏడాది తెలుస్తుంది.

## 6. కత్తిరింపు: ఎప్పుడు, ఎంత

శీతాకాలం మొదట్లో తీరిక దొరికిందని కత్తెర పట్టుకోవద్దు. చలి ఇంకా ఎంత కన్నును చంపబోతోందో అప్పటికి తెలియదు. శీతాకాలం చివరిదాకా ఆగండి.

### 6.1 ముందు కన్ను కోసి చూడండి

తోటలో అక్కడక్కడా పది కొమ్మలు తీసుకోండి. ఒక్కోదానికి పది కన్నులు ఉంచి, ఒకటి రెండు రోజులు గదిలో ఉంచండి. తర్వాత బ్లేడుతో కన్నును అడ్డంగా, పై మూడో వంతు పోయేలా పలచగా కోయండి. ద్రాక్ష కన్ను ఒకటి కాదు, లోపల మూడు ఉంటాయి. మధ్యలో పెద్దగా కనబడేది అసలు కన్ను, ఇరుపక్కలవి అదనపు కన్నులు. పచ్చగా మెరిస్తే బతికినట్టు. మధ్యలో గోధుమ, నలుపు చుక్క కనిపిస్తే అది పోయినట్టు. మొదటి పది కోసేదాకా చేయి కుదరదు. ఆ తర్వాత తేడా దూరం నుంచే తెలుస్తుంది.

వందలో ఎన్ని అసలు కన్నులు పోయాయో లెక్కపెట్టండి.

- 15 లోపు: మామూలుగా కత్తిరించండి.
- 15 నుంచి 50: పోయిన మేరకు అదనంగా కన్నులు వదలండి. సగానికి దగ్గరైతే రెట్టింపు.
- 50 దాటితే: చిక్కులు మాత్రం తీసి, చిగుళ్లు వచ్చేదాకా ఆగండి.

### 6.2 రెండు విడతల్లో కత్తిరించండి

మార్క్వెట్‌కు ఇది తప్పనిసరి అంటాను. ద్రాక్ష కొమ్మలో కొస కన్నులు ముందు లేస్తాయి, అవి లేచినంతసేపూ మొదలు కన్నులు అణిగి ఉంటాయి. దాన్నే మనం వాడుకుంటాం.

మొదటి విడత, శీతాకాలం చివర: పాత కట్టె, సన్నటివి, అడ్డదిడ్డంగా ఉన్నవి తీసేయండి. ఉంచదలచిన కొమ్మల్ని మాత్రం 8–10 కన్నుల పొడవున, వీలైనంత నిటారుగా వదలండి.

రెండో విడత: కొస చిగుళ్లు 5–8 సెం.మీ. వచ్చాక కొమ్మను మొదలు దగ్గర 2–3 కన్నులు ఉంచి కత్తిరించేయండి. అప్పటికి మొదలు కన్నులు ఉబ్బుతూ ఉంటాయంతే. వాటి చిగురు వారం నుంచి రెండు వారాలు వెనక్కి జరుగుతుంది. చాలాసార్లు ఆఖరి మంచు రాత్రి ఆ గ్యాప్‌లోనే దాటిపోతుంది.

కోసిన చోట నీరు కారుతుంది. కంగారు పడొద్దు, దానివల్ల తీగకు నష్టం లేదు.

### 6.3 ఎన్ని కన్నులు?

పాకించిన తీగ మీటరుకు సుమారు 15 కన్నులతో మొదలుపెట్టండి. 2 మీటర్ల ఎడంలో నాటిన తీగకు అది 30. సరిపోయిందో లేదో కత్తిరించిన ఏడాది వయసు కొమ్మల్ని తూచి చూడండి. తొలి అర కిలోకు 30 కన్నులు, ఆపైన ప్రతి అర కిలోకు ఇంకో 10, పరిమితి 50. పావు కిలో కూడా రాలేదంటే తీగ నీరసంగా ఉన్నట్టు, ఆ ఏడాది కన్నులూ గుత్తులూ తగ్గించాలి.

## 7. గడ్డకట్టే రాత్రి వస్తే

కన్ను ఏ దశలో ఉందో దాన్నిబట్టి ఓర్పు మారుతుంది. ఉబ్బిన కన్ను మైనస్ 6 దాకా ఓర్చుకోవచ్చు. విచ్చుకున్నది మైనస్ 4 దగ్గర దెబ్బతింటుంది. ఆకు విప్పిన చిగురుకు మైనస్ 2, మైనస్ 3 చాలు. ఫోన్‌లో చూసే ఉష్ణోగ్రత మీ తోటది కాదు, వైరు ఎత్తున ఒక థర్మామీటర్ కట్టుకోండి.

ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోయి, సాయంత్రానికే చలి వేగంగా దిగుతుంటే:

- గడ్డి ముందుగానే పొట్టిగా కోసి ఉంచండి. తడిసిన వట్టి నేల పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది.
- పదీ పరకా తీగలైతే దుప్పట్లు, తోటకు వాడే గుడ్డ పైనుంచి నేల దాకా కప్పండి. కింద తెరిచి ఉంటే ప్రయోజనం లేదు. పొద్దెక్కాక తీసేయండి.
- స్ప్రింక్లర్ వాడితే కట్టిన మంచు కరిగేదాకా ఆపకూడదు. నడిమధ్యలో నీళ్లు ఆగితే అసలు పెట్టకపోవడం కంటే ఎక్కువ నష్టం.

చిగుళ్లు మాడిపోయాయా? వెంటనే కత్తిరించొద్దు. ఒక వారం, పది రోజులు ఆగితే అదనపు కన్నులు లేస్తాయి. వాటికీ కొన్ని గుత్తులు వస్తాయి, మొదటివాటి కంటే తక్కువే. ఆ ఏడాది ఎరువు మాత్రం వేయకండి. గుత్తుల బరువు లేని తీగ ఎలాగూ ఆకే ఎక్కువ వేస్తుంది.

## 8. వేసవి పనులు, తెగుళ్లు

చిగుళ్లు 15 సెం.మీ. దాటినప్పుడు జంటగా వచ్చినవాటిలో ఒకటి తీసేయండి. పూత సమయం నుంచి కొమ్మల్ని చేత్తో దువ్వినట్టు కిందికి దించండి. మార్క్వెట్ పక్కకొమ్మలు విపరీతంగా వేస్తుంది, గుత్తుల దగ్గరివి తీసేయాలి. పిందె కట్టిన వెంటనే, పొద్దుటి ఎండ తగిలే వైపు గుత్తి చుట్టూ ఆకులు కొన్ని తెంపండి. పడమటి వైపు ఆకులు ఉంచండి. ఎండ, వేడి తగిలిన గుత్తిలో మాలిక్ ఆమ్లం (కాయకు పులుపు ఇచ్చేది) ఎక్కువగా ఖర్చవుతుంది. ఈ రకానికి పులుపు తగ్గించడమే కావాలి.

బూజు తెగులును ఈ రకం బాగానే తట్టుకుంటుంది. బూడిద తెగులు, నల్ల కుళ్లు ఒక మాదిరి. పక్షికన్ను తెగులు మాత్రం సులభంగా పడుతుంది: చిగురు మీద, కాయ మీద బూడిద రంగు మధ్య, ముదురు అంచుతో గుంటలు.

తెగుళ్ల చెక్‌లిస్ట్

- ఎండిపోయి వేలాడే పాత గుత్తులన్నీ శీతాకాలంలోనే తీసేయాలి. నల్ల కుళ్లు వాటిలోనే దాక్కుంటుంది.
- పక్షికన్ను ఉన్న తోటలో కన్ను విచ్చకముందే ద్రవ లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిపిన మందు) కొట్టాలి. ఆకు వచ్చాక కొడితే మాడుతుంది.
- పూతకు కాస్త ముందు నుంచి పూత అయిన 4–5 వారాల దాకా మందు తప్పకూడదు. కాయను కాపాడేది ఆ వారాలే.
- లేబుల్ మీద కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో చదవాలి. అమెరికా లేబుల్ ప్రకారం ద్రాక్షలో మాంకోజెబ్ అనే తెగులు మందు 66 రోజుల ముందే ఆపాలి.
- జపనీస్ బీటిల్ అనే పెంకు పురుగు ఆకును జల్లెడ చేస్తుంది. లేత తీగల మీద రోజూ పొద్దున్నే సబ్బునీళ్ల డబ్బాలోకి దులపండి. ముదురు తీగ కొంత ఆకు పోయినా ఓర్చుకుంటుంది.

ఇక కలుపుమందు. 2,4-డీ, డైకాంబా గాలికి కొట్టుకొచ్చినా ద్రాక్షకు గండమే. ఆకు విసనకర్రలా ముడుచుకుని, ఈనెలు దగ్గరకు వచ్చి, కొస వంకర పోతుంది. దాన్ని వైరస్ అనుకుని మందులు కొట్టేవాళ్లున్నారు. దానికి మందు లేదు. పక్కవాళ్లతో ముందే మాట్లాడుకోవడం ఒక్కటే దారి. మీ లాన్‌లో వాడేది కూడా చూసుకోండి.

## 9. కోత

కాయ రంగు తిరగగానే వల కట్టండి. పిట్టలు మనకంటే ముందు రుచి చూస్తాయి.

రంగు చూసి కోయడం, తీపి చూసి కోయడం, రెండూ ఈ రకంలో మోసం చేస్తాయి. మార్క్వెట్‌లో చక్కెర 25–26 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం కొలత) దాకా పోతుంది, అంటే 14 శాతం దాటే ఆల్కహాల్. అదే సమయంలో మొత్తం ఆమ్లం లీటరుకు 12 గ్రాములు ఉండడం మామూలే. నాలుక తీపికి లొంగిపోయి పులుపును లెక్కచేయదు.

1. వరసలకు రెండు వైపులా, ఎండలోవీ నీడలోవీ కలిపి వంద కాయలు తీసుకోండి. అందమైన గుత్తులే ఏరకండి.
2. పిసికి రసం వడగట్టి, బ్రిక్స్, పీహెచ్, ఆమ్లం మూడూ చూడండి.
3. 24–26 బ్రిక్స్, పీహెచ్ 3.2–3.4, ఆమ్లం 10 గ్రాములకు దగ్గరగా వచ్చాక కోయండి.
4. గింజ కొరికి చూడండి. గోధుమ రంగు తిరిగి కరకరలాడాలి. పచ్చగా ఉంటే ఆగండి.
5. గట్టి మంచు ముంచుకొస్తున్నా, కందిరీగలు పగిలిన కాయల్ని పట్టినా అంకెల కోసం ఎదురుచూడకుండా కోసేయండి.

ఆమ్లం ఇంకా ఎక్కువే ఉంటే వైన్ చేసేటప్పుడు తగ్గించుకోవచ్చు. 71బీ అనే వైన్ ఈస్ట్ మాలిక్ ఆమ్లంలో కొంత తినేస్తుంది. ఆ తర్వాత మాలోలాక్టిక్ బ్యాక్టీరియాతో మిగిలినదాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చుకోండి. ఎర్ర వైన్‌కు ఈ రెండో పని మామూలుగా చేసేదే.

## 10. ఎక్కడ తేడా కొట్టింది?

తీగ ఏపుగా ఉంది, గుత్తుల్లేవు. అసలు కన్నులు మంచుకు పోయి అదనపు కన్నులు లేచినట్టు. వచ్చే ఏడాది రెండు విడతల కత్తిరింపు, కన్ను పరీక్ష. లేదా ముందు ఏడాది కొమ్మలన్నీ నీడలో పెరిగి ఉంటాయి. నీడలో ఏర్పడిన కన్నులో గుత్తులు తక్కువ.

శీతాకాలం తర్వాత కొమ్మ కొసలు ఎండిపోయాయి. ఆకుపచ్చగా ఉండగానే చలి వచ్చింది. జూలై తర్వాత నత్రజని ఆపండి, కాపు తగ్గించండి.

కాయలు ముడుచుకుని నల్లటి ఎండుద్రాక్షలా గట్టిపడ్డాయి. నల్ల కుళ్లు. ఇప్పుడు మందు కొట్టినా తిరిగి రాదు. ఉన్నవన్నీ తీసి తోట బయట పారేయండి, వచ్చే ఏడాది పూతకు ముందే మొదలుపెట్టండి.

ఆకు అడుగున బుడిపెలు. ఆకు ఫైలోక్సెరా అనే సన్నటి పురుగు పని. కాస్త ఉంటే వదిలేయండి. లేత తీగల మీద ఎక్కువగా ఉంటే ఆ ఆకుల్ని మొదట్లోనే తెంపి కాల్చండి.

కాండం నిలువునా చీలింది. శీతాకాలపు ఎండకు పగలు వేడెక్కి, రాత్రి గడ్డకట్టి చీలుతుంది. నేల దగ్గర వచ్చే చిగుళ్లలో బలమైనదాన్ని ఆ వేసవిలోనే కర్రకు కట్టి పైకి తీసుకుపోండి. అది వైరు అందుకున్నాక, మరుసటి కత్తిరింపులో చీలిన కాండాన్ని మొదలంటా కోసేయండి.